మాటకంటిన మైల

కొన్ని యేండ్ల క్రిందట నాంగ్లదేశచరిత్ర పాఠము చెప్పుచుండఁగా నా తరగతిలో నొక బాలుఁడు లేచి యొక ప్రశ్న వేసెను. మధ్యయుగమున దొరల భూములను దున్ని బ్రదికిన రైతులకు ‘విలెయిన్’ అని పేరని నాఁటి పాఠములో నుండెను. “మాస్టారూ, సినిమాలో విలను, ఈ విలెయిను ఒకటేనాండీ?” అని వాఁడడిగెను. ఒకటేయని చెప్పితిని. పల్లెపట్టునందలి కమతమునకు లాటిను భాషలో ‘విల్లా’ యని పేరనియు, దాని నంటిపెట్టుకొని పనిచేయువాఁడు ‘విల్లానుస్’ అనియు, ఆ మాటయే ఫ్రెంచివారి నోటఁ బడి, వారితో నింగ్లండునకు వచ్చి, తుదకు దుర్మార్గుఁడను నర్థమున స్థిరపడినదనియు వివరించితిని. ఆ బాలుని తండ్రి రెండెకరముల కౌలురైతు. వాఁడు కొంతసేపూరకుండి, “అయితే మా నాన్న విలనాండీ?” అనెను. తరగతియంతయు ఘొల్లుమనెను. నవ్వినవారికి నాలుగు చీవాట్లు పెట్టి పాఠము సాగించితిని గాని, యా ప్రశ్న నన్నింటి దాఁక వెంబడించినది.

ప్రశ్న చిన్నది, కాని దానిలో మూఁడు ప్రశ్నలిమిడి యున్నవి. అన్నము పెట్టువాని పేరు దుర్మార్గుని పేరెట్లయ్యెను? ఆ మార్పు కాలవశమునఁ దనంత దానే కలిగినదా, లేక దానికిఁ గర్తలున్నారా? కర్తలున్నచో, వారి తప్పును దెలియక నేఁడా మాటను వాడుచున్న మనకందు భాగమున్నదా? మొదటి రెండును భాషాచరిత్రకు సంబంధించినవి; మూఁడవది ధర్మమునకు సంబంధించినది. మొదటివి తేలనిదే మూఁడవది తేలదు గనుక, ముందుగా నాంగ్లపదముల పూర్వకథను గొంత విన్నవింతును.

1066వ సంవత్సరమున నార్మనులు ఇంగ్లండును జయించిరి. ఇరువదియేండ్లకు, అనఁగా 1086లో, విలియము రాజు తన రాజ్యమునందలి భూములకును, వానిపై బ్రదుకువారికిని లెక్క వ్రాయించెను. ‘డూమ్స్‌డే’ గ్రంథమని ప్రసిద్ధికెక్కిన యా లెక్కలో నమోదైనవారిలో నూటికి సుమారు నలువదిమంది ‘విల్లాని’ యను పేరు గలవారే. నాఁటి కా మాటలో నింద లేదు. పల్లెకాఁపు అనియే దాని యర్థము. తరువాతి రెండు శతాబ్దములలో న్యాయస్థానములు బలపడి, స్వతంత్రుఁడెవఁడు, అస్వతంత్రుఁడెవఁడు అను విభాగము బిగిసినకొలఁది, విలెయిను భూమికిఁ గట్టువడిన దాసుఁడయ్యెను. దొర యనుమతి లేక వాఁడూరు విడిచి పోరాదు. కూఁతునకుఁ బెండ్లి చేయవలెనన్న దొరకు సుంకము చెల్లింపవలెను. ఇంటి యజమాని చనిపోయినచో నున్న పశువులలో మేలైనది దొర దొడ్డికిఁ బోవలెను. దొర యన్యాయము చేసినచో, వానిపై రాజుగారి న్యాయస్థానమున వ్యాజ్యెము వేయుటకు వానికి హక్కు లేదు. ఇట్టి దశలో నున్నవాని పేరును గలవారి యిండ్లలో ‘మోటువాఁడు’ అను నర్థమున వాడఁజొచ్చిరి, మోటువాఁడు కొంతకాలమునకు నీచుఁడయ్యెను, నీచుఁడు దుష్టుఁడయ్యెను. ఈ మెట్లలో నొక్కదానియందైనను రైతు చేసిన నేరము గానరాదు. ఆంగ్లేయులే సిగ్గుపడిరో యేమో, చరిత్రలోని రైతునకొక వర్ణక్రమమును, దుష్టునకొక వర్ణక్రమమును నేర్పఱచి యా రెంటిని విడఁదీసిరి.

ఇది యొక్క మాటకే పట్టిన దుర్గతి కాదు. నార్మనులు రాకమునుపు ఇంగ్లీషువారిలో ‘చెయొర్ల్’ అని యొక తరగతి యుండెను. వాఁడు దాసుఁడు కాఁడు, స్వతంత్రుఁడైన సామాన్యుఁడు. వెస్సెక్సు రాజ్యపుఁ బూర్వశాసనముల ప్రకారము వానిని జంపినవాఁడు 200 షిల్లింగుల ప్రాణమూల్యము చెల్లింపవలెను; ప్రభువంశీయుని ప్రాణమునకు 1200. ప్రాణమునకే యాఱింతల తేడా కట్టిన సంఘము పేరునకుఁ దేడా కట్టకుండునా? ఆ చెయొర్లే నేఁటి యింగ్లీషున ‘చర్ల్’ అయి, మర్యాద యెఱుఁగని మొఱకువాఁడను నర్థమునఁ బడియున్నాఁడు. వింత యేమనఁగా, ఈ మాటకుఁ దోఁబుట్టువే ‘కార్ల్’. ఆ పేరుగల ఫ్రాంకుల రాజు 800వ సంవత్సరమున రోమునగరమునఁ జక్రవర్తి కిరీటమును ధరించెను. షార్లమేను అని మనము చదువునది యాయననే. రష్యను, పోలిషు, చెక్కు మొదలగు స్లావు భాషలలో ‘రాజు’ అను మాట యాయన పేరునుండియే పుట్టినదని పండితులు చెప్పుదురు. ఒక్కకడుపునఁ బుట్టిన మాటలలో నొకటి సింహాసనమెక్కెను. ఒకటి వీథిఁ బడెను. భేదము మాటలో లేదు. దానిని ధరించినవాని నెత్తిమీఁద నున్నది.

ఇంతకంటెఁ దేటయైన సాక్ష్యము మఱియొకటి కలదు. ప్రాచీనాంగ్లమున ‘క్నాఫ’ యనఁగా బాలుఁడు. ‘క్నిఖ్ట్’ అనఁగాను బాలుఁడే. క్రమముగా రెండును సేవచేయు కుఱ్ఱవానికిఁ బేళ్లయ్యెను. 14వ శతాబ్దమున చాసరు కవి కాలమునకును మగశిశువును ‘నేవ్’ అనుట కలదు. వంటయింటను, పశువులశాలను సేవచేసిన యా నేవ్ నేఁడు మోసగాఁడు. గుఱ్ఱమెక్కి కత్తిపట్టి రాజునకు సేవచేసిన క్నిఖ్ట్ నేఁడు ‘నైట్’ అయి బిరుదముగా వెలుఁగుచున్నాఁడు. జర్మను భాషలోనో, ఈ రెండుమాటల బంధువులు వేఱుదారి పట్టినవి. అచ్చట ‘క్నాబె’ యనఁగా నేఁటికిని నిర్దోషియైన బాలుఁడే. ‘క్నెఖ్ట్’ అనఁగా నేఁటికిని సేవకుఁడే. కనుక నీ మాటల ధ్వనిలోఁ గాని, ధాతువులోఁ గాని పాపపుణ్యములు లేవు. ఎవని సేవకు గౌరవముండెనో వాని పేరు పైకి లేచెను; ఎవని సేవకు గౌరవము లేదో వాని పేరు క్రుంగెను.

ఇట్టివానిని వరుసగాఁ బేర్కొనినచోఁ జదువరులకు విసుగు పుట్టును గాని, మఱి రెండు మూఁడు చూపక తప్పదు. ‘మీన్’ అను మాటకు మొదటి యర్థము ఉమ్మడిది, అందఱకును జెందినది యని. అందఱిది గనుక సామాన్యమయ్యెను. సామాన్యము గనుక తక్కువయ్యెను. తక్కువ గనుక నీచమయ్యెను. ‘లూడ్’ అనఁగా మతగురువు కానివాఁడు. గురువు కానివాఁడు చదువు రానివాఁడయ్యెను. చదువు రానివాఁడు చివరకుఁ గాముకుఁడయ్యెను! ‘వల్గర్’ అనఁగా జనసామాన్యమునకుఁ జెందినది, నేఁడసభ్యము. ఇఁక పైకెక్కిన మాటలను జూడుఁడు. ‘జెంటిల్’ అనఁగా మంచివంశమువాఁడు, నేఁడు సౌమ్యుఁడు. ‘జెనరస్’ అనఁగాను గొప్పవంశమునఁ బుట్టినవాఁడే, నేఁడు దాత. ‘లిబరల్’ అనఁగా దాసుఁడు కానివానికిఁ దగినది, నేఁడు ఉదారము. దయ, దానము, సౌమ్యము మొదలగు గుణములు దొరల పేళ్లను ధరించినవి; కాపట్యము, మొఱకుఁదనము, నీచత్వము మొదలగు దోషములు పేదల పేళ్లను ధరించినవి. గుణదోషములు మనుష్యులలో నిట్లే పంచిపెట్టఁబడియున్నవని నమ్మువాఁడెవఁడు?

స్త్రీలకుఁ బట్టిన గతియు నిట్టిదే. ‘క్వీన్’ అనఁగా రాణి. దానికి సమీపబంధువై, ఉచ్చారణమున నించుమించు దానివంటిదే యైన వేఱొక మాట మొదట స్త్రీమాత్రమునకుఁ బేరుగా నుండి, తరువాతఁ గులటకుఁ బేరయ్యెను. ఇల్లు దిద్దుకొను నిల్లాలికి ‘హౌస్‌వైఫ్’ అని పేరు గదా. ఆ మాటయే నోట నలిగి ‘హస్సీ’ యై, సిగ్గుమాలినదియను నర్థమునకు దిగినది. ‘మాస్టర్’ నేఁటికిని యజమానుఁడు, గురువు, నిపుణుఁడు; దాని స్త్రీరూపమైన ‘మిస్ట్రెస్’ ఇంటి యజమానురాలి పదవినుండి యుంచుకొన్నదాని దాఁక జాఱినది. పురుషుఁడు పెట్టిన పేళ్లలోఁ బురుషుని చూపే నిలుచును.

ఈ విషయమును శ్రద్ధతోఁ బరిశీలించినవారిలో రిచర్డు షెనెవిక్సు ట్రెంచి యను మతాచార్యుఁ డొకఁడు. ఆయన 1851లోఁ బ్రకటించిన ఉపన్యాసగ్రంథమున, పదములలో మానవజాతి నీతిచరిత్ర దాఁగియున్నదనియు, మంచిమాటలు చెడుట మనుష్యహృదయములోని పాపమునకు సాక్ష్యమనియు వాదించెను. 1857లో నింగ్లీషు నిఘంటువుల లోపములను గూర్చి యాయన భాషాశాస్త్రసంఘమునఁ జదివిన వ్యాసములే ఆక్సుఫర్డు మహానిఘంటువునకుఁ బ్రేరకములైనవి. దాని తొలిభాగము 1884లోను, తుదిభాగము 1928లోను వెలువడెను. ప్రతిపదమునకును బ్రాచీనప్రయోగము మొదలుకొని కాలక్రమమున నుదాహరణములిచ్చుట దాని పద్ధతి. దానిని జిరకాలము నడపిన సంపాదకుఁడు జేమ్సు మర్రే స్కాట్లండులోని యొక పల్లెటూరి దర్జీ కుమారుఁడు. పదునాలుగవ యేటనే బడి విడిచినవాఁడు. తరువాత నావలెనే బడిపంతులైనవాఁడు. పల్లెవాని పేరున కెట్టి గతి పట్టినదో తారీఖులతోఁ జూపిన గ్రంథము పల్లెవాని చేతిమీఁదుగా సిద్ధమగుట నాకు సంతోషము గలిగించును.

అయినను ట్రెంచి చెప్పినది సగమే నిజమని నా యభిప్రాయము. చెడినది మనుష్యహృదయమే, కాని యెవరి హృదయము? పొలము దున్నువాఁడు తన్నుఁ దాను దుష్టుఁడని పిలుచుకొనలేదు. ఇల్లాలు తన్నుఁ దాను సిగ్గుమాలినదానినని చెప్పుకొనలేదు. వారును దొరలకుఁ బేళ్లు పెట్టియే యుందురు. రాత్రివేళ గుడిసెలలో నా పేళ్లు చెప్పుకొని నవ్వుకొనియే యుందురు. ఆ పేళ్లను వ్రాసినవాఁడు లేఁడు. కలము మఠములోను, కోటలోను, న్యాయస్థానమునను ఉండెను గాని నాఁగటిచాలులో లేదు. కావున మాటలు చెడుటకు మానవజాతి యంతయు సమానముగా బాధ్యురాలనుట, దెబ్బ కొట్టినవానిని, దెబ్బ తిన్నవానిని ఒక్క బోనులో నిలుపుట వంటిది.

ఈ మార్పులో మేలే లేదనను. 1960లో సీ. ఎస్. లూయిసు పండితుఁడు తన పదపరిశీలన గ్రంథమున, అంతస్తును దెలుపు మాటలు నీతిని దెలుపు మాటలుగా మాఱుటను బ్రత్యేకముగా గుర్తించి చర్చించెను. జెంటిల్ అనునది వంశమునుండి గుణమునకు మాఱినచో, వంశము లేనివాఁడును గుణముచేత నా పేరునకుఁ దగును గదా! చాసరు తన కథలలో నొకదానియందు, కన్యను జెఱిచిన యొక నైటునకు, బీదరాలగు ముసలిదానిచేత, ఉత్తమత్వము తాతముత్తాతలనుండి వచ్చు సొత్తు కాదనియు, నడవడివలననే కలుగుననియు బోధ చేయించెను. దొరల కోటలోని మాటను వీథిలోనికిఁ దెచ్చిన ప్రయత్నమది. కాని దొర పేరు గుణమైనపు డది యందఱకును దెఱచిన తలుపయ్యెను. రైతు పేరు దోషమైనపు డది వానికి మూసిన తలుపయ్యెను.

ఆ తలుపును గొట్టినవారు లేకపోలేదు. 1381లోఁ గెంటు, ఎసెక్సు ప్రాంతముల పల్లెజనము లండనుఁ జొచ్చి, దాసత్వమును రద్దుచేయుమని కోరెను. పదునాలుగేండ్ల రిచర్డు రాజు మైల్ ఎండు అనుచోట వారికి స్వాతంత్ర్యపత్రము లొసఁగెను. మఱునాఁడు నాయకుఁడైన వాట్ టైలరు చంపఁబడెను. కొలఁదివారములలోనే పత్రములు రద్దయ్యెను. సమత్వమును బోధించిన జాన్ బాల్ అను గురువు ఉరికంబ మెక్కెను. ఆ దాసత్వము పిదప మెల్లమెల్లగా సడలిపోయినది. 1574లో ఎలిజబెత్తు రాణి తన భూములలో మిగిలినవారిని ద్రవ్యము గైకొని విడిపించుట కాజ్ఞ యిచ్చెను. విలెయిను విడుదలయ్యెను, వాని పేరు మాత్రము విడుదల కాలేదు. స్వాతంత్ర్యము కోరినవాని పేరే, నాటకములలోఁ బరుల స్వాతంత్ర్యమును హరించువాని పేరయ్యెను.

ఇచ్చట నొక యాక్షేపణ వినఁబడును. “మాట కేనాఁడో యున్న యర్థముతో నేఁడు మనకేమి పని? యోగముకంటె రూఢి బలవత్తరమని మన శాస్త్రములే చెప్పుచున్నవి గదా! దర్భలను గోయుటలో నేర్పరిని మొదట ‘కుశలుఁ’ డనిరి. నేఁడు వంటలోఁ గుశలుఁడనిన దర్భలెవరికి జ్ఞప్తికి వచ్చును?” అని. ఈ మాట నిజమే. ‘సిల్లీ’ యనఁగాఁ బూర్వము ధన్యుఁడు, నేఁడు తెలివిమాలినవాఁడు. ‘నైస్’ అనఁగాఁ బూర్వము మూఢుఁడు. తరువాత నతిసూక్ష్మదృష్టి గలవాఁడు. నేఁడు కాఫీనుండి కవిత్వము దాఁక బాగున్నదానికెల్ల నదే మాట. మొదటి యర్థమే యసలు యర్థమని పట్టుపట్టువాఁడు, మిత్రుఁడు ‘నైస్’ అని మెచ్చుకొన్నప్పుడు కోపింపవలసి వచ్చును! పూర్వార్థము సత్యము కాదు. అది చరిత్ర మాత్రమే. కావున నేఁడు సినిమాలోని దుష్టుని విలనన్నవాఁడు రైతును నిందించినవాఁడు కాఁడు. ఈ యాక్షేపణను నేనంగీకరించుచున్నాను.

రెండవ యాక్షేపణ కొంచెము కఠినమైనది. “పల్లెవాఁడు మోటుగా నుండుట నిజమే గదా! ఉన్నదే మాటలోఁ బ్రతిఫలించినది, ఇందులో నన్యాయమేమి?” అని. నిజమే, దినమంతయు బురదలో నిలుచువాని పాదములకు మట్టి యంటును, బడి యెఱుఁగనివాఁడు పత్రము చదువలేఁడు. కాని మట్టియంటిన పాదమునకును, మోసమునకును సంబంధమేమి? చదువులేమికిని, కామమునకును సంబంధమేమి? లేమినుండి దోషమునకు మాట దాఁటిన యా గంతులోనే యన్యాయమున్నది. పైఁగా నా లేమిని గల్పించినవారే దానిని దోషమనిరి. బడిలోనికి రానీయక, “వీనికి అక్షరము రాదు” అని నవ్వుట వంటిదిది. దీనిని జూచుట కింగ్లండు దాఁక పోనక్కఱలేదు.

మన యలంకారశాస్త్రములలో ‘గ్రామ్యత్వము’ ఒక దోషము. గ్రామమునకుఁ జెందినది గ్రామ్యము. నగరమునకుఁ జెందినది నాగరికము, అది గుణము. నాగరికత యనఁగా నేఁడు సభ్యత కంతకును బేరు. తెలుఁగుదేశములో గ్రాంథిక వ్యావహారిక వివాదము రేఁగినప్పు డొక పక్షము ప్రయోగించిన తిట్టు ‘గ్రామ్యము’ అనునదే. దాని నెదిరించిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940), తాము కోరునది గ్రామ్యము కాదనియు, శిష్టులు వాడు వ్యావహారికమనియు సమాధానము చెప్పవలసి వచ్చెను. వారి కృషికి నేను నమస్కరించువాఁడను. అయినను ఆ యుభయపక్షముల నడుమ పల్లెవాని మాట మాత్రము దోషము పేరుగానే మిగిలిపోయినది. ఈ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచున్న నేనును ఆ దోషపట్టికను వల్లించి పెరిగినవాఁడనే.

ఇఁక మూఁడవ ప్రశ్నకు వత్తము. మాటకంటిన మైలకు నేఁటి వక్త బాధ్యుఁడా? నాకుఁ దోఁచిన నిర్ణయ మిది. మాట పూర్వమెవరి పేరో, వారు నేఁడు లేనిచో, ఆ మాటవలన గాయపడువాఁడు లేఁడు. విలెయినులు లేరు, విలనను మాట నిర్విషమైన పాము. కాని మాట యెవరి పేరో, వారు నేఁడును మన నడుమ నుండి, అదే పేరుతోఁ బిలువఁబడుచు, అదే మాటను దిట్టుగా విను చుండినచో, ఆ మాట చరిత్ర కాదు. ప్రతిదినమును జరుగుచున్న పని. దానిని దెలియక వాడినవాని తప్పు చిన్నది. తెలిసియు వాడినవాఁడు పూర్వులు చేసిన తప్పును దానుగా మరలఁ జేయుచున్నాఁడు. కావున వెదకవలసినది మాట పుట్టుక కాదు. ఆ మాట వినఁబడు దూరములో నెవరున్నారని.

మాటలు మార్చినంతనే పని తీఱునని మాత్రము భ్రమపడరాదు. ఆల్ప్సు పర్వతలోయలలోఁ బూర్వము గొంతుకాయలతోను, బుద్ధి యెదుగని శరీరములతోను బాధపడువారు పెక్కండ్రుండిరి. వారిని జూచి యేవగించుకొనకుండుటకై అచ్చటివారు వారిని ‘క్రైస్తవులు’ అని యర్థము వచ్చు తమ ప్రాంతపు మాటతోఁ బిలిచిరఁట; అనఁగా వారును మనవంటి మనుష్యులే యని భావము. ఆ దయగల మాటయే ‘క్రెటిన్’ అయి, నేఁడు బుద్ధిహీనుఁడని తిట్టు. ఆ జబ్బు మూలము ఆహారమున అయొడిను లోపమని తేలి, 1922 మొదలుకొని స్విట్జర్లండువారు ఉప్పులో దానిని జేర్పఁగా, క్రమముగా నట్టి జననములు మాసిపోయినవి. మంచిమాట చేయలేని పనిని చిటికెఁడుప్పు చేసినది! మొన్నమొన్నటి యుదాహరణము మఱియొకటి. కండరములు బిగిసి బాధపడు బిడ్డలకై 1952లో ఇంగ్లండున స్థాపింపఁబడిన స్పాస్టిక్సు సొసైటీ, తన పేరే వీథిబాలుర నోటఁ దిట్టైపోవుటచేత, 1994లో దానిని విడిచి ‘స్కోప్’ అని పేరు మార్చుకొనెను. మనుష్యునిపై గౌరవము లేనంతకాలము, క్రొత్తమాట పాతమైలను దెచ్చుకొనుచునే యుండును.

అయినను మాటను విడిచిపెట్టి మనుష్యుని మాత్రమే యుద్ధరింతమనుటయుఁ గుదరదు. మనుష్యుని యుద్ధరించుట పెద్దపని. దానికిఁ జట్టము కావలెను, ధనము కావలెను, కాలము కావలెను. మాట మన నోటిలోనిది. దాని కెవరి యనుమతియు నక్కఱలేదు. ఆ పెద్దపని చేయుచున్నామని చెప్పుకొనువారి నోటఁ బాతమాటయే యాడుచున్నచో, వారి పనిని నమ్మువారెవరు?

ఇప్పుడు నా తప్పొప్పుకొనవలసియున్నది. నాఁడు తరగతిలో నవ్వినవారికిఁ జీవాట్లు పెట్టితినని వ్రాసితిని. ఆ చీవాట్లలోని మాట యిది: “ఎందుకురా ఆ నవ్వు, వెధవల్లారా!” ఇరువదియేండ్లుగా నా నోట నూఁతపదమువలె నుండిన మాట. మా గురువులు నన్నట్లే పిలిచిరి. నేను నా శిష్యుల నట్లే పిలిచితిని. ఎవఁడును దప్పు పట్టలేదు. అది ‘విధవ’ యను మాటయే యని సంస్కృతము చదువుకొన్న నాకెవరును జెప్పనక్కఱలేదు. భర్త చనిపోయిన స్త్రీ పేరు, పనికిమాలినవాఁడను నర్థమున మగపిల్లలకుఁ దిట్టైనది. ఆమె చేసిన నేరమేమి? విలెయిను చేసిన నేరమెంతయో యంతయే. 1856లో విధవావివాహమునకుఁ జట్టమనుమతి నిచ్చెను. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వివాహము జరిపించిరి. ఆ కథను నేనేటేటఁ బాఠముగాఁ జెప్పుచున్నాను. చెప్పుచు, నడుమ నల్లరి చేసినవానిని వెధవా యని కసరుచుంటిని!

నాఁడా తరగతిలో, తండ్రి పోయి రెండేండ్లైన బాలుఁడొకఁ డుండెను. తల్లి కుట్టుపని చేసి వానిని జదివించుచుండెను. వాఁడును నవ్వినవారిలోఁ గలఁడు. నా మాట విని వాఁడు తల వంచుకొనెనో లేదో నేనెఱుఁగను. చూడవలెనని నాకుఁ దోఁపనే లేదు. సాయంకాలమింటికిఁ బోవుచు, విలెయిను పేరును జెఱిచినవారెవరాయని యాలోచించుచున్న నాకు, వారెట్టివారో యప్పుడు తెలిసినది. వారు క్రూరులు కానక్కఱలేదు. మంచివారై, చదువుకొన్నవారై, పరధ్యానముగా మాటాడువారైన చాలును.

ఆ మాటను మానుట యనుకొన్నంత సులభము కాలేదు. కోపము మాటకంటె ముందుగా వచ్చును. కోపముతోఁ బాతమాట వచ్చును. మొదటినెలలో నెన్నిమాఱులు నాలుక కఱచుకొంటినో లెక్కలేదు. ఇప్పుడు కోపము వచ్చినచో వాని పేరు పెట్టి పిలుచుచున్నాను. పేరు పెట్టి పిలిచిన పిమ్మటఁ దిట్టు పెద్దగా రాదని యనుభవమువలనఁ దెలిసికొంటిని.

కౌలురైతు కొడుకునకు నేను వెంటనే సమాధానము చెప్పలేదు. కొన్నాళ్లకు వానికి వేఱొక మాటను జూపితిని. రైతను నర్థముగల ‘బూర్’ అను మాట యింగ్లీషున మొఱకువానికిఁ దిట్టైనది. కాని దాని తోఁబుట్టువొకటి ‘నైబర్’ అను మాటలోఁ జేరి, మైల యంటక నిలిచియున్నది. నైబర్ అనఁగాఁ బూర్వము ‘దాపునఁ గాఁపురముండు రైతు’ అని యర్థము, నేఁడు పొరుగువాఁడు. “మీ నాన్న విలను కాఁడురా, నైబరు” అంటిని. వాఁడు నవ్వి, “మరి ఆ మాటెందుకు చెడిపోలేదండీ?” అనెను. దూరమునుండి చూచినవారు పెట్టిన పేరు చెడినదనియు, ప్రక్కయింటివాఁడు పెట్టిన పేరు చెడలేదనియుఁ జెప్పితిని. భాషాశాస్త్రమున కది చాలిన సమాధానము కాకపోవచ్చును. ఆ బాలునకుఁ జాలినది.